ముందు ఏ ఆల్బమ్ వినాలి? ఏడేళ్లుగా పాటిస్తున్న ఒక పద్ధతిపై సమీక్ష

పేరు మాత్రమే తెలిసి, పాట ఒక్కటీ తెలియని బ్యాండు సంగీతాన్ని ఎక్కడి నుంచి వినడం మొదలుపెట్టాలన్న విషయంలో నేను 2018 నుంచి ఒకే పద్ధతిని పాటిస్తున్నాను. ఆ బ్యాండు సభ్యులు కుదురుకున్న కాలంలో చేసిన ఒక పూర్తి ఆల్బమును ఎంచుకుని, పాటల వరుస మార్చకుండా, వేర్వేరు రోజుల్లో మూడు సార్లు విన్న తరువాతనే వెనక్కో ముందుకో వెళ్లడం ఆ పద్ధతి. బాగా పేరొచ్చిన పాటల సంకలనంతోనూ, మొట్టమొదటి ఆల్బముతోనూ మొదలుపెట్టకపోవడం అందులో భాగమే. బెంగళూరులో కడుగోడి నుంచి ఎం.జి. రోడ్డు దాకా రోజూ ఉద్యోగానికి వెళ్లివచ్చే దారిలో ముప్పైకి పైగా బ్యాండ్లను ఇలాగే విన్నాను కాబట్టి, ఇది ఎక్కడ అక్కరకు వచ్చిందో, ఎక్కడ చెల్లలేదో అనుభవంతో రాస్తున్నాను.

మాది హిందూపురం. ఇంట్లో రేడియోలో వచ్చే సినిమా పాటలు, నవరాత్రులకు గుళ్లో జరిగే కచేరీలు తప్ప వేరే సంగీతం వినకుండా పెరిగాను. మా మేనత్త కొడుకు మాత్రం చదువుకోసం ముందే బెంగళూరు చేరి, 2007 మార్చిలో ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ అనే ఇంగ్లండు రాక్ బ్యాండు కచేరీ చేసిన సాయంత్రం ఆ జనంలో నిలబడి వచ్చినవాడు. నేను ఉద్యోగానికి ఈ ఊరు వచ్చాక, "బావా, ఇవన్నీ వినాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టమంటావు?" అని అడిగితే, "మొదటినుంచే విను, సినిమాను సగంలోంచి చూస్తామా?" అన్నాడు. ఆ మాట నాకు న్యాయంగానే తోచింది.

అలా ఇంగ్లండు రాక్ బ్యాండు పింక్ ఫ్లాయిడ్ 1967లో తెచ్చిన తొలి ఆల్బము 'ది పైపర్ ఎట్ ది గేట్స్ ఆఫ్ డాన్'తో మొదలుపెట్టాను. అప్పటికి మెట్రో మా వైపు రాలేదు. 335ఇ బస్సులో కుందలహళ్లి గేటు, మారతహళ్లి, హెచ్.ఎ.ఎల్. మీదుగా గంటన్నర సాగే ప్రయాణంలో నాలుగు రోజులు విన్నాను గానీ, నలుగురూ చెప్పే పింక్ ఫ్లాయిడ్ అందులో నాకు ఎక్కడా దొరకలేదు. కారణం ఆ తరువాత తెలిసింది. ఆ ఆల్బములోని పాటల్లో అధికభాగం రాసి పాడినవాడు సిడ్ బారెట్. మానసిక ఆరోగ్యం దెబ్బతిని అతడు 1968లోనే బ్యాండుకు దూరమయ్యాడు, అతడి స్థానంలోకి గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ వచ్చాడు. లోకమంతా తలచుకునే పింక్ ఫ్లాయిడ్ సంగీతం ఈ మార్పు జరిగిన కొన్నేళ్లకు గానీ రూపు కట్టలేదు. అంటే నేను సినిమాను మొదటినుంచి చూడడం లేదు, అదే పేరు పెట్టుకున్న మరో సినిమా చూస్తున్నాను.

రెండో ప్రయత్నంగా 2001లో వచ్చిన 'ఎకోస్' అనే సంకలనం విన్నాను. ఇందులో 26 పాటలున్నాయి, ఒక్కొక్కటీ బాగుంది, అయినా అంతా విన్నాక మనసులో ఏ ఒక్కటీ నిలవలేదు. ఆ సంకలనానికి పేరిచ్చిన పాట అసలు నిడివి 23 నిమిషాలకు పైగా ఉండగా, సంకలనంలో దాన్ని 16 నిమిషాల చిల్లరకు కుదించారని తెలిసినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది. ఒక పాట తనకు కావలసినంత సేపు తీసుకుని మెల్లగా ఎదగడమే ఆ బ్యాండు గొప్పతనమైనప్పుడు, కోసేసిన పాటతో ఆ బ్యాండును పరిచయం చేసుకోవడం ఎలా కుదురుతుంది?

ఈ చిక్కును విడదీసింది సంగీతం నేర్చుకున్న మా పిన్ని. ఆమెకు రాక్ సంగీతంతో ఏ పరిచయమూ లేదు. నేను చెప్పినదంతా విని, "కచేరీ చివర పాడే తుక్కడాలు, అంటే చిన్న చిన్న పాటలు, ఎంత తియ్యగా ఉన్నా, ఆ విద్వాంసుడి సత్తా తెలిసేది ప్రధాన కీర్తనలోనే కదమ్మా" అంది. అంతకుముందు అరంగేట్రం నాటి పాట వినబోయి విసిగిపోయాను, తరువాత తుక్కడాలు ఏరుకుని విన్నాను. ఆలాపన, నెరవు (ఒక పంక్తిని రకరకాలుగా విస్తరించి పాడడం), స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలు అల్లడం), తని ఆవర్తనం (మృదంగం వంటి లయవాద్యాలు మాత్రమే వాయించే భాగం) అన్నీ కలిసి నిండుగా సాగే ప్రధాన కీర్తన వంటి ఆల్బము ప్రతి బ్యాండుకూ ఒకటి ఉంటుందనీ, వెతకవలసింది దానినేననీ ఆ మాటతో అర్థమైంది.

పింక్ ఫ్లాయిడ్ విషయంలో అది నాకు 1971 నాటి 'మెడిల్'. పాత ఎల్పీ రికార్డులో దాని మొదటి వైపు అయిదు పాటలు, రెండో వైపు మొత్తం ఒక్క 'ఎకోస్' పాటే. బారెట్ వెళ్లిపోయాక మూడేళ్లు తడుములాడిన నలుగురు మనుషులు, తమ నడక తమకు దొరికిందని గ్రహించిన క్షణం ఆ రెండో వైపులో స్పష్టంగా వినిపిస్తుంది. బ్యాండులో కీబోర్డులు వాయించే రిచర్డ్ రైట్ పియానో మీద మీటిన ఒక్క స్వరం నీటిబొట్టు లాగా పడుతూ, చాలాసేపటి దాకా మరేమీ తొందరపడకుండా ఆ పాట మొదలవుతుంది. మొదటిసారి బస్సు ఇంజను హోరులో ఆ స్వరాలు సగం నాకు వినిపించనేలేదు. అందుకే మూడు సార్లలో కనీసం ఒక్కసారైనా ఇంట్లో, రాత్రి వీధి సద్దుమణిగాక, ఏ పనీ పెట్టుకోకుండా కూర్చుని వినాలని అప్పుడే నియమం చేసుకున్నాను. మూడోసారి పాట సాహిత్యాన్ని ఎదురుగా పెట్టుకుని వింటాను. మొదటిసారి నచ్చినది మూడోసారికి తేలిపోవడం, మొదట ముళ్లకంపలా తోచినది మూడోసారికి దారి ఇవ్వడం ఎన్నోసార్లు జరిగింది. ఒక్కసారి విని తీర్పు చెప్పకూడదని ఇంత గట్టిగా అనడానికి నాకున్న ఆధారం ఇదే.

అక్కడి నుంచి ముందుకు నడిచి 1973 నాటి 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్', 1975 నాటి 'విష్ యూ వర్ హియర్' విన్నాను. ఈ రెండో ఆల్బములో మొదట ఒక భాగం, చివర ఒక భాగంగా విడిపోయి పరుచుకున్న పెద్ద పాట బారెట్‌ను తలచుకుంటూ చేసినదే. దాని పని జరుగుతున్న రోజుల్లో అతడే స్టూడియోకు వచ్చాడనీ, బాగా లావెక్కి కనుబొమలు గీసుకుని ఉన్న అతణ్ణి పాత మిత్రులే కాసేపటి దాకా గుర్తుపట్టలేకపోయారనీ చదివిన తరువాత, 1967 నాటి తొలి ఆల్బమును మళ్లీ పెట్టుకున్నాను. ఏడాది కిందట నాకు అర్థంకాని గోలగా వినిపించిన పాటలే ఈసారి, తరువాత అంతమంది అంతగా బెంగపెట్టుకున్న ఒక మనిషి గొంతుగా వినిపించాయి. మారతహళ్లి వంతెన దగ్గర బస్సు ఎంతసేపు ఆగిపోయిందో కూడా ఆ రోజు నాకు తెలియలేదు. తొలి ఆల్బమును చివరకు దాచుకోమని నేను అందరికీ చెప్పడం ఈ అనుభవం వల్లనే.

సరైన ఆల్బమును పట్టుకోవడానికి మొదట్లో నేను ఒక సులభమైన లెక్క పెట్టుకున్నాను. ఏ బ్యాండు అయినా మూడో ఆల్బము వినడమే ఆ లెక్క. రేడియోహెడ్ విషయంలో అది చక్కగా కుదిరింది, 1997 నాటి 'ఓకే కంప్యూటర్' వాళ్ల మూడోదే. ఐరన్ మెయిడెన్‌కూ కుదిరింది గానీ, ఎందుకు కుదిరిందో చూస్తే లెక్క తప్పని తేలింది. వాళ్ల మొదటి రెండు ఆల్బముల్లో పాడినవాడు పాల్ డియానో. 1982లో వచ్చిన మూడో ఆల్బముతో బ్రూస్ డికిన్సన్ గొంతు చేరింది. అంటే ముఖ్యం మూడు అనే అంకె కాదు, మనుషులు. పింక్ ఫ్లాయిడ్‌కు 'మెడిల్' ఆరో ఆల్బము. కాబట్టి ఇప్పుడు ముందుగా బ్యాండులో ఎవరు ఎప్పుడు చేరారో, ఎప్పుడు వెళ్లారో పది నిమిషాలు చదివి, ఒకే బృందం వరుసగా రెండు మూడు ఆల్బములు చేసిన కాలాన్ని గుర్తిస్తాను, ఆ కాలం నడిమి నుంచి ఒకటి తీసుకుంటాను.

మన దేశపు బ్యాండ్లలో ఈ పద్ధతి నాకు ఎక్కువ సంతోషాన్ని ఇచ్చింది ఇండియన్ ఓషన్‌తో. ఢిల్లీలో 1990లో సుస్మిత్ సేన్, అషీమ్ చక్రవర్తి మొదలుపెట్టిన ఈ బ్యాండులోకి తరువాత రాహుల్ రామ్, అమిత్ కిలం వచ్చారు. ఆ నలుగురూ కలిసి 2000లో తెచ్చిన 'కందీసా'తో నేను మొదలుపెట్టాను. పేరుపాట సిరియాక్ భాషలోని ప్రాచీన క్రైస్తవ ప్రార్థన. ఒక్క మాట అర్థం కాకపోయినా మొదటిసారికే ఒళ్లు పులకరించింది. అదే ఆల్బములో నర్మదను తల్లీ అని పిలిచే 'మా రేవా' మాత్రం, నర్మదపై పెద్ద ఆనకట్టలను వ్యతిరేకించిన నర్మదా బచావో ఆందోళనలో రాహుల్ రామ్ పనిచేశాడని తెలుసుకుని విన్న మూడోసారికి గానీ నాకు పూర్తిగా అందలేదు. తరువాత వెనక్కి వెళ్లి 1997లో కచేరీలో రికార్డు చేసిన 'డెజర్ట్ రెయిన్' విన్నప్పుడు, ఆ పొందిక స్టూడియోలో కూర్చి పెట్టినది కాదనీ, నలుగురూ ఎదురెదురుగా కూర్చుని ఒకరి ఊపిరిని ఒకరు పట్టుకున్నప్పుడు పుట్టినదనీ తెలిసింది. 2009 డిసెంబరులో అషీమ్ చక్రవర్తి కన్నుమూశారు, 2013లో సుస్మిత్ సేన్ బయటికి వచ్చారు. ఆ తరువాతి ఆల్బములూ బాగున్నాయి, కానీ వాటిని ముందుగా విని ఉంటే ఆ ఇద్దరు లేని లోటు నాకు తెలిసేది కాదు.

బెంగళూరు బ్యాండు 'అగం' దగ్గర మాత్రం కొంత తడబడ్డాను. వాళ్లు 2012లో తెచ్చిన ఆల్బములో హంసనాదంలోని త్యాగరాజ కీర్తన 'బంటురీతి కొలు' రాక్ వాద్యాల మధ్య వినిపిస్తుంది. తెలిసిన కీర్తన, అందునా తెలుగు, కాబట్టి ఇదే సులభమైన ద్వారమనుకున్నాను. చిన్నప్పటినుంచి చెవిలో నిలిచిపోయిన కచేరీ బాణీ ప్రతి సంగతి (పంక్తిని కొత్తగా మలిచి పాడే తీరు) దగ్గరా అడ్డుపడుతూ, పోలికలు పెట్టడమే తప్ప వినడం జరగలేదు. ఆ పాటను పక్కన పెట్టి, నాకు ముందుగా తెలియని పాటలతో మొదలుపెట్టి, ఆఖరున దీనికి తిరిగి వచ్చాక గానీ గిటారు, డ్రమ్ములు ఆ రాగానికి ఏం చేస్తున్నాయో నింపాదిగా గమనించలేకపోయాను. తెలిసిన పాట ఎప్పుడూ మంచి ద్వారం కాదని నాకు అక్కడే తెలిసింది.

పాటలు వినిపించే యాప్‌ల వల్ల వచ్చే ఇబ్బందులను కూడా చెప్పాలి. నేను వాడే యాప్‌లో ఆల్బము తెరవగానే చెయ్యి పడేచోట పాటలను కలగాపులగం చేసే బటను ఉంటుంది, దాన్ని ప్రతిసారీ చూసుకుని ఆపాలి. ఒక పాట తోకను ఇంకో పాట తలకు అతికించే అమరికను కూడా సెట్టింగులలో తీసేయాలి, పాటల మధ్య ఖాళీ రాకుండా చేసే అమరికను ఉంచాలి. లేకపోతే 'డార్క్ సైడ్' వంటి, ఒక పాటలోంచి మరో పాట పుట్టుకొచ్చే ఆల్బము ముక్కలైపోతుంది. అన్నిటికన్నా నన్ను ఎక్కువగా మోసగించినవి పునర్ముద్రణలు. 'ఓకే కంప్యూటర్' అసలు 12 పాటల ఆల్బము, దాదాపు 53 నిమిషాలు. 2017లో వచ్చిన ప్రత్యేక ముద్రణలో 23 పాటలున్నాయి. పన్నెండో పాట చివర ఒక చిన్న గంట మోగి ఆల్బము ముగిసిన తరువాత వచ్చే నిశ్శబ్దం కూడా అందులో భాగమేనన్నది నా అభిప్రాయం. అదనపు పాటలు వెంటనే మొదలైతే ఆ నిశ్శబ్దం దక్కదు. కాబట్టి తొలిసారి వినేటప్పుడు పాత ముద్రణనే వెతుక్కుని పెట్టుకుంటాను.

2023లో కడుగోడి నుంచి నేరుగా మెట్రో వచ్చాక ఇంకో సౌకర్యం కలిగింది. ఎం.జి. రోడ్డుకు నలభై నిమిషాలు అటూ ఇటూగా పడుతుంది. ఎల్పీ రికార్డు రెండు వైపులా కలిపి పట్టే కాలమూ ఇంచుమించు అంతే కాబట్టి, 1970ల ఆల్బము ఒకటి ఒక ప్రయాణానికి సరిపోతుంది. "ముందిన నిల్దాణ" (తరువాతి స్టేషను) అన్న కన్నడ ప్రకటనలు మధ్యమధ్య వినబడినా బస్సు హోరుతో పోలిస్తే అవి ఏపాటివి! ఇయర్‌ఫోన్లకు ఎక్కువ ఖర్చుపెట్టనక్కరలేదు, రెండు వేల లోపు దొరికే తీగ ఇయర్‌ఫోన్లనే ఇన్నేళ్లూ వాడాను.

ఈ పద్ధతి పూర్తిగా విఫలమైనది అమెరికన్ రాక్ బ్యాండు గ్రేట్‌ఫుల్ డెడ్ దగ్గర. నియమం ప్రకారం 1970 నాటి 'అమెరికన్ బ్యూటీ'ని మూడు సార్లు విన్నాను. చక్కని పాటలే, అయినా ఆ బ్యాండు పేరెత్తితే జనం ఎందుకంత పరవశించిపోతారో వాటిలో నాకు కనబడలేదు. 1965లో కాలిఫోర్నియాలో మొదలై, 1995లో ప్రధాన గిటారిస్టు జెర్రీ గార్సియా చనిపోయేదాకా 2,300కు పైగా కచేరీలు చేసి, ప్రేక్షకులు రికార్డు చేసుకోవడాన్ని కూడా అనుమతించిన బృందం అది. వాళ్ల ప్రధాన కీర్తన స్టూడియోలో లేదు, వేదిక మీదే ఉంది. 1969 నాటి 'లైవ్/డెడ్' మొదట్లో 23 నిమిషాలు సాగే 'డార్క్ స్టార్' వినగానే నా పొరపాటు తెలిసింది. అప్పటినుంచి, వేదిక మీద పాటను ప్రతి రాత్రీ మార్చి వాయించే బ్యాండు అని తెలిస్తే, స్టూడియో ఆల్బమును ముట్టుకోకుండా కచేరీ రికార్డింగుతోనే మొదలుపెడుతున్నాను. ఇలాంటి బ్యాండుకు మూడు సార్లన్న నియమం కూడా చాలదు. ఒకే పాటను వేర్వేరు సంవత్సరాల కచేరీల్లో పక్కపక్కన పెట్టుకుని వినాలి. 1977 మే 8న కోర్నెల్ విశ్వవిద్యాలయంలో జరిగిన కచేరీని ప్రస్తుతం అలాగే వింటున్నాను, పక్కన 1972 నాటి యూరప్ పర్యటన రికార్డింగులు పెట్టుకున్నాను.