స్పైడర్ మ్యాన్ కామిక్స్‌లోకి ఏ రేవున దిగాలి

అమేజింగ్ స్పైడర్ మ్యాన్‌ను కొత్తగా చదవాలనుకునేవారు ముందుగా ఒకటో సంచిక కోసం వెతకడం సహజం. చిక్కేమిటంటే ఆ పేరుతో ఒకటో సంచికలు ఏడు ఉన్నాయి. 1963లో మొదలైన వరుస 441 సంచికల దాకా సాగి 1998లో ఆగింది. 1999లో మళ్ళీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టారు. 2003లో పాత లెక్కనూ కొత్త లెక్కనూ కలిపి 500వ సంచిక వేశారు. 2012 చివర్లో 700 దాకా వచ్చి ఆగిన తరువాత 2014, 2015, 2018, 2022, 2025 సంవత్సరాల్లో ప్రతిసారీ ఒకటో అంకెతోనే కొత్త అట్ట వేశారు. వీటిలో ఏది చేతికి దొరికితే అదే ఆరంభమనుకుని చదవబోయేవారికి మూడో పేజీలోనే తమకు తెలియని పాత శత్రువులు, ఎప్పుడో తెగిపోయిన స్నేహాలు, ఎవరో చెప్పకుండా వదిలేసిన సంజాయిషీలు ఎదురవుతాయి.

చాలా ఏళ్ళుగా ఈ పుస్తకాలు కొని, చదివి, ఇక్కడ నరసాపురంలో అడిగినవారికల్లా అరువిచ్చి, వారు ఎక్కడ ఆగిపోయారో ఎక్కడ పట్టు విడవకుండా చదివారో గమనించిన మీదట నేను చెప్పగలిగింది ఒక్కటే: అట్ట మీది అంకెను పక్కనపెట్టి, రచయిత, చిత్రకారుడు ఎక్కడ మారారో చూసుకుని అక్కడ మొదలుపెట్టాలి. గోదావరిలో స్నానం చేయడానికి త్ర్యంబకం దాకా వెళ్ళనక్కరలేదు కదా, మెట్లు బాగున్న రేవు చూసుకుంటే చాలు. ఈ పాత్ర మార్వెల్ కంపెనీ సొత్తు కనుక రచయితలు వస్తుంటారు, పోతుంటారు. కొత్తగా పగ్గాలు చేపట్టిన రచయిత పాత్రలను మళ్ళీ ఒకసారి పరిచయం చేసి, తన కథను తన పద్ధతిలో ఎత్తుకుంటాడు. అలా ఒక్కొక్కరి హయాంను ఒక్కొక్క నవలగా భావించి చదివితే అరవై ఏళ్ళ సరుకు ముందున్నదన్న భయం ఉండదు.

మొట్టమొదటి హయాంను ఎలా చూడాలన్నదే అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. 1962 ఆగస్టు తేదీతో వచ్చిన అమేజింగ్ ఫాంటసీ 15వ సంచికలో రచయిత స్టాన్ లీ, చిత్రకారుడు స్టీవ్ డిట్కో కలిసి చేసిన తొలి కథ పదకొండు పేజీలే. దానిని ఎవరైనా, ఏ వయసువారైనా ముందుగా చదవాలి. సాలీడు కుట్టడం, కుస్తీ పందెం, పారిపోతున్న దొంగను చూసీ చూడనట్టు వదిలేయడం, చిన్నాన్న హత్య, అన్నీ అందులోనే ముగుస్తాయి. తరువాత మొదలైన సొంత పత్రికలో మాత్రం నేటి పాఠకుడికి నడక మారుతుంది. మాటల బుడగలు బొమ్మను కప్పేస్తాయి, బొమ్మలో కనబడుతున్న పనినే పాత్రలు నోటితో మళ్ళీ చెబుతాయి, ప్రతి సంచికకూ ఒక కొత్త ప్రతినాయకుడు వచ్చి ఓడిపోతాడు. వరుసగా చదవమని నేను పుస్తకం ఇచ్చినవారిలో చాలామంది ఐదారు సంచికల దగ్గర దానిని మూసి తిరిగిచ్చేశారు.

అయితే ఆ తొలి సంచికల్లోనే ఈ పాత్ర ప్రాణం ఉన్నది, అది డబ్బు ఇబ్బంది. 1963 నాటి ఒకటో సంచికలో పీటర్ పార్కర్ ప్రదర్శన ఇచ్చి సంపాదించిన చెక్కును స్పైడర్ మ్యాన్ పేరిట తీసుకుని బ్యాంకుకు వెళితే, గుర్తింపు కాగితం చూపించలేదని సొమ్ము ఇవ్వరు. ఇంట్లో చూస్తే మే పిన్ని అద్దె కట్టలేని స్థితిలో ఉంటుంది. కేవైసీ కోసం ఒకే కాగితాన్ని నాలుగుసార్లు జిరాక్సు తీయించి ఇచ్చిన మన పాఠకుడికి ఈ ఘట్టాన్ని ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు. మరొక గ్రహం నుంచి వచ్చిన వీరుడికీ కోటీశ్వరుడైన వీరుడికీ లేని ఈ ఇబ్బంది వల్లనే, న్యూయార్కు క్వీన్స్‌లోని ఆ మధ్యతరగతి ఇల్లు మనకు పరాయిదిగా తోచదు.

కాబట్టి పెద్దవారికి నా సలహా ఇది. ఆ పదకొండు పేజీలు చదివి, తిన్నగా 31, 32, 33 సంచికలకు వెళ్ళాలి. 1965 చివరా 1966 మొదట్లోనూ వచ్చిన ఈ మూడింటిలో జబ్బుపడిన పిన్ని కోసం తేవలసిన మందు కళ్ళెదుటే ఉండగా పీటర్ పెద్ద యంత్రం కింద చిక్కుకుంటాడు, పైనుంచి నీరు కారుతూ ఉంటుంది. 33వ సంచికలో అతడు ఆ బరువును ఎత్తే ఘట్టానికి డిట్కో కేటాయించిన స్థలం, గడి గడికీ బొమ్మను పెద్దది చేస్తూ పోయి చివరికి నిండు పేజీ చేసిన తీరు, ఎన్నిసార్లు చూసినా పాతబడలేదు. పీటర్ కాలేజీ సహవాసులు గ్వెన్ స్టేసీ, హ్యారీ ఆస్బోర్న్ మొదటిసారి కనబడేది 31లోనే కనుక తరువాతి కథకు కావలసిన మనుషులు కూడా ఇక్కడే పరిచయమవుతారు. 38తో డిట్కో వెళ్ళిపోయాడు. 39 నుంచి జాన్ రొమీటా బొమ్మలు. అక్కడి నుంచి మొహాలు అందంగా, వీధులు వెలుతురుగా మారి, కథ స్నేహాల వైపూ ప్రేమల వైపూ తిరుగుతుంది. గ్రీన్ గోబ్లిన్ అనే ముసుగు శత్రువు ఎవరో తెలిసేది 39లో, మేరీ జేన్ ముఖం పూర్తిగా చూపించేది 42లో, వేషం చెత్తకుండీలో పారవేసి పీటర్ వెళ్ళిపోయేది 50లో. 2004 నాటి సినిమా చూసినవారు ఆ చివరి బొమ్మను వెంటనే గుర్తుపడతారు. 39 నుంచి 50 దాకా ఆపకుండా చదివినవారెవరూ ఆ తరువాత ఏమి చదవాలని నన్ను అడగలేదు, తామే వెతుక్కున్నారు. 1973 నాటి 121, 122 సంచికల్లో ఏమి జరుగుతుందో మాత్రం ఎవరి దగ్గరా ముందుగా వినకండి.

పాతకాలపు బొమ్మలూ మాటలూ అసలే సరిపడనివారికి 2001లో జె. మైకేల్ స్ట్రాజిన్‌స్కీ అందుకున్న భాగం మంచిది. 1999లో మొదలైన రెండో వరుసలోని 30వ సంచికతో అది మొదలవుతుంది. బొమ్మలు వేసినది పై రొమీటాగారి కొడుకు జాన్ రొమీటా జూనియర్. మా వీధిలో లేసు ఆర్డర్లు చూసుకునే ఒక అక్కయ్యగారు ఇంగ్లీషు నవలలు బాగా చదువుతారు. ఆవిడకు పాత సంచికలు ఇస్తే, పుస్తకం తిరిగిచ్చేస్తూ, "ఆ పిల్లాడి సంగతి సరే తమ్ముడూ, ఇన్నేళ్ళుగా ఒకే కప్పు కింద ఉండి ఆ పెద్దావిడ పసిగట్టలేదంటే మాత్రం నేను నమ్మను," అన్నారు. అందుకు జవాబు ఈ హయాంలో ఉన్నది. దెబ్బలు తిని స్పృహ లేకుండా పడుకున్న పీటర్‌నూ, చినిగిన వేషాన్నీ మే పిన్ని కళ్ళారా చూసేది 35లో. వారిద్దరూ కూర్చుని మాట్లాడుకోవడం తప్ప మరేమీ జరగని సంచిక 38. ఒక్క పోరాటం కూడా లేని ఆ సంచికను ఆవిడ మళ్ళీ అడిగి తీసుకువెళ్ళారు. ఇందులో పీటర్ తాను చదువుకున్న బడిలోనే మాస్టారుగా చేరతాడు, మేరీ జేన్ దూరంగా ఉంటుంది. అంతకుముందు ఏమి జరిగిందో తెలియకపోయినా ఈ రెండు విషయాలూ కథలోనే బోధపడతాయి. నడుమ 36వ సంచిక 2001 సెప్టెంబరు 11 దాడుల గురించి విడిగా రాసినది కనుక, కథ తెగిందని కంగారు పడనక్కరలేదు.

ఆ అక్కయ్యగారి మాట ఇంకొకటి ఇక్కడ చెప్పాలి. 1988లో టాడ్ మెక్‌ఫార్లేన్ ఈ పత్రికకు బొమ్మలు వేయడం మొదలుపెట్టి, అంతదాకా పద్ధతిగా గళ్ళుగళ్ళుగా గీస్తూ వచ్చిన సాలెదారాన్ని చిక్కులు పడిన పోగుల్లాగా మార్చాడు. నల్లని వేషపు శత్రువు వెనమ్ పూర్తిగా కనబడే 300వ సంచిక ఆయనదే. కుర్రవాళ్ళు ఆ బొమ్మలంటే ప్రాణం పెడతారు. ఆవిడ మాత్రం రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూసి, పాతదే అల్లిక తెలిసినవాడు గీసినట్టున్నదనీ, కొత్తది పని తొందరలో చేసినట్టున్నదనీ తేల్చేశారు. కథ దృష్ట్యా కూడా 300 దగ్గర మొదలుపెట్టడం నాకు నచ్చదు. ఆ నల్లని వేషం వెనుక నాలుగేళ్ళ సరంజామా ఉన్నది.

హైస్కూలు, ఇంటర్ పిల్లలకైతే నేను వేరే పేరుతో వచ్చిన పత్రికను ఇస్తాను. 2000లో బ్రయన్ మైకేల్ బెండిస్, మార్క్ బ్యాగ్లీ మొదలుపెట్టిన అల్టిమేట్ స్పైడర్ మ్యాన్‌లో కథ మొదటి నుంచీ కొత్తగా జరుగుతుంది, పాత సంచికలతో దానికి లంకె లేదు. ఈ ఇద్దరూ 111 సంచికలు విడవకుండా కలిసి చేశారు కనుక బొమ్మల తీరు మధ్యలో మారిపోయే బాధ కూడా లేదు. సఖినేటిపల్లి నుంచి పంటు మీద గోదావరి దాటి రోజూ కాలేజీకి వచ్చే మా మేనల్లుడు మొదటి పుస్తకం సగంలో ఉండగా, "సినిమాలో పది నిమిషాల్లో అయిపోయిందాన్ని ఇక్కడ ఏడు సంచికలు లాగారేంటి మావయ్యా?" అని విసుక్కున్నాడు. ఆ విసుగులో న్యాయం ఉన్నది. పదకొండు పేజీల కథ ఏడు సంచికలైంది. కాని ఆ సాగదీతలోనే చిన్నాన్న బెన్ మనకు నిజంగా ఇంటిమనిషి అవుతాడు, అతడు పోయినప్పుడు లోటు తెలుస్తుంది. మావాడు ఆ తరువాత పుస్తకాలు నా బీరువాలోంచి అడగకుండానే పట్టుకుపోవడం మొదలుపెట్టాడు. పీటర్ తరువాత స్పైడర్ మ్యాన్ అయిన మైల్స్ మొరాలెస్ కథ కూడా ఈ లోకంలోనిదే. అతడు మొదటిసారి కనబడేది 2011లో.

అల్టిమేట్ స్పైడర్ మ్యాన్ పేరుతోనే 2024లో జోనథన్ హిక్‌మన్, మార్కో కెక్కెట్టో మొదలుపెట్టినది మరొకటి. రెండూ ఒకటేననుకుని కొనకండి. ఇందులో పీటర్ ముప్ఫై దాటినవాడు, పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నవాడు, అప్పుడు వస్తాయి అతడికి శక్తులు. బెన్ బతికే ఉంటాడు. సంసారం, ఉద్యోగం, నెలవారీ ఖర్చులు ఉన్న మనిషికి బహుశా ఇదే అన్నిటికన్నా దగ్గరి దారి. అయితే బెన్ బతికి ఉండటంలోని మజా తెలియాలంటే ఆ పదకొండు పేజీలు ముందుగా చదివి ఉండాలి.

మొదట చదవకూడనివి త్వరగా చెప్పేస్తాను. 1994 నుంచి 1996 దాకా నడిచిన, పీటర్ నకలు మనిషి చుట్టూ తిరిగే క్లోన్ సాగా పాత వీరాభిమానులకే పరీక్ష పెట్టింది. 2007 నాటి వన్ మోర్ డే పీటర్, మేరీ జేన్‌ల ఇరవై ఏళ్ళ కాపురాన్ని ఒక బేరంతో తుడిచేసిన కథ, ఆ కాపురం తెలియనివారికి అందులో ఏమీ ఉండదు, తెలిసినవారికి ఒళ్ళు మండుతుంది. 2013 నాటి సుపీరియర్ స్పైడర్ మ్యాన్ చాలా బాగుంటుంది గాని, పాత శత్రువు డాక్టర్ ఆక్టోపస్ మనసు పీటర్ శరీరంలో చేరడమే దాని మూలసూత్రం కనుక అసలు పీటర్ ఎలాంటివాడో తెలిశాకే అందులోని వెటకారం పండుతుంది. 1987 నాటి క్రావెన్స్ లాస్ట్ హంట్ ఆరు భాగాల గొప్ప కథ, రెండో పుస్తకంగా చదవండి. 2004లో మన దేశంలోనే తయారైన స్పైడర్ మ్యాన్: ఇండియా నాలుగే సంచికలు. ముంబైలో పవిత్ర్ ప్రభాకర్ పంచె కట్టి ఎగరడం ముచ్చటగా ఉంటుంది గాని, పాత కథనే మన దుస్తుల్లో చెప్పడంతో ఆగిపోయింది.

ఇక పుస్తక రూపాల సంగతి. ఎపిక్ కలెక్షన్ అనే మెత్తని అట్ట పుస్తకాల వరుసలో మొదటిదానిలో అమేజింగ్ ఫాంటసీ 15తో పాటు 1 నుంచి 17 దాకా, రెండోదానిలో 18 నుంచి 38 దాకా ఉన్నాయి. ఆ రెండోది ఒక్కటి ఉంటే డిట్కో ఉత్తమమైన పని అంతా చేతిలో ఉన్నట్టే. వెన్ను మీది అంకెలు కథాక్రమాన్ని బట్టి వేసినవి గాని అచ్చైన క్రమాన్ని బట్టి కాదు కనుక మధ్యలో ఖాళీలు కనబడతాయి, దొరకని అంకె కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. ఆమ్నిబస్ అనే గట్టి అట్ట సంపుటం చూడటానికి దర్జాగా ఉంటుంది గాని వేయి పేజీలు దాటిన ఆ బరువును పడుకుని చదవలేము, బల్ల కావాలి. పైగా మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. వర్షాకాలమంతా గోడకు ఆనించి ఉంచితే నున్నని కాగితం పేజీకి పేజీ అతుక్కుంటుంది, విడదీస్తే రంగు ఊడి వస్తుంది. నేను గోడకు జానెడు ఎడంగా బీరువా జరిపి, పుస్తకాలను బిగించకుండా నిలబెట్టి, ఎండ కాసిన రోజు నీడలో ఆరబెడతాను. ఇన్నేళ్ళలో అరువు వెళ్ళి రానివి తప్ప పోయినవి లేవు.

ఫోనులో చదవాలనుకుంటే మార్వెల్ అన్‌లిమిటెడ్ చందా ఉన్నది. కొత్త సంచికలు అచ్చైన మూడు నెలలకు అందులోకి వస్తాయి, పాతవి వేల కొద్దీ ఉన్నాయి. డిట్కో పేజీలు చిన్న చిన్న సమచతురపు గడులుగా ఉంటాయి కనుక గడి వెంట గడిగా చిన్న తెర మీద కూడా హాయిగా చదువుకోవచ్చు. రెండు పేజీలు కలిపి వేసిన ఇటీవలి బొమ్మలు మాత్రం ఫోనులో నలిగిపోతాయి, వాటికి ట్యాబ్ ఉంటేనే న్యాయం జరుగుతుంది. పంటు మీద, బస్సులో చదివేవారు సంచికలను ఇంటి దగ్గరే ఫోనులోకి డౌన్‌లోడ్ చేసుకుని బయలుదేరాలి. చందా తీసుకున్న రోజున వెతుకుడు పెట్టెలో స్పైడర్ మ్యాన్ అని కొట్టకండి, పదుల కొద్దీ వరుసలు వచ్చి మీద పడతాయి. 1963 అని సంవత్సరం చూసి ఎంచుకుని 31వ సంచిక తెరవండి, లేదా 2000 నాటి అల్టిమేట్‌ను మొదటి నుంచి పట్టుకోండి.