పరాయి చోట ఏది మేలు: మన సైగలా, వారి సైగలా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు ఇళ్ళ నుంచి నర్సింగ్ ఉద్యోగాలకు జర్మనీకో, వృద్ధుల సంరక్షణ పనులకు జపానుకో, ఆసుపత్రి కొలువులకు గల్ఫ్ దేశాలకో బయలుదేరే పిల్లలూ వారి తల్లిదండ్రులూ నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. అక్కడికి వెళ్ళాక అక్కడివారిలాగే తల ఊపడం, చేతులు కదపడం, వంగి పలకరించడం నేర్చుకోవాలా, లేక మన తీరులోనే ఉండి చెప్పదలచుకున్నది నోటితో స్పష్టంగా చెబితే చాలునా? ఇంటర్వ్యూలకు పిల్లలను సిద్ధం చేసే పనిలో ఉన్నాను గనుక దీనికి వివరంగా జవాబు చెప్పవలసిన బాధ్యత నాకుంది. ఒక్కో సమాజానికి ఒక్కో సైగల తీరు ఉంటుందని అందరికీ తెలిసిందే కాబట్టి ఆ సంగతిని మళ్ళీ వివరించను.

అక్కడివారిని అనుసరించడమే మంచిదని మన సరిహద్దువాళ్ళకు తోచడం సహజం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడి గంజాం, కోరాపుట్ ప్రాంతాలు అందులో చేరాయి. అంతకు ఎన్నో తరాల ముందు నుంచే ఇక్కడ తెలుగు, ఒడియా కుటుంబాలు ఇరుగుపొరుగుగా బతుకుతూ ఒకరి పద్ధతులు ఒకరు పట్టుకుంటూ వచ్చాయి. మన ఆడపిల్ల సంప్రదాయం పాటించే ఒడియా ఇంటికి కోడలిగా వెళితే, మామగారు గాని భర్త అన్నగారు గాని ఎదురుపడినప్పుడు తలపైకి కొంగు లాక్కోవడం నేర్చుకుంటుంది. పుట్టింట్లో తన తల్లి బావగారికి ఎదురుగా నిలబడి, తల మీద కొంగు లేకుండానే యోగక్షేమాలు అడగడం చూస్తూ పెరిగిన పిల్లకు అది మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది. కొన్నాళ్ళకు మాత్రం గుమ్మంలో చెప్పుల చప్పుడు వినపడగానే, చేస్తున్న పని ఆపకుండానే, ఎడమ చెయ్యి దానంతటదే కొంగు అందుకుంటుంది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనిపించుకోకుండా ఆ ఇంట్లో మనిషిగా కలిసిపోవడానికి అది ఎంతగానో తోడ్పడుతుంది. ఇలాంటి ఉదాహరణలు కళ్ళ ముందే ఉన్నప్పుడు, జపాను వెళ్ళే కొడుక్కి వంగడం నేర్పించమని ఒక తల్లి అడగడంలో తప్పేమీ లేదు.

అయితే ఆ కోడలికి దొరికినవి ఉద్యోగానికి వెళ్ళే పిల్లలకు దొరకవు. పొరపాటు చేసిన ప్రతిసారీ పక్కనుండి సరిదిద్దే అత్తగారో తోడికోడలో ఆమెకు ఉంటారు, జీవితమంతా ఆ ఇంట్లోనే గడపాలన్న నిశ్చయమూ ఉంటుంది. కొద్ది నెలల శిక్షణతో విమానం ఎక్కేవారి సంగతి వేరు. జపానులో వంగడాన్నే తీసుకుంటే, దారిలో ఎదురైనవారిని పలకరించడానికి సుమారు 15 డిగ్రీలు, పై అధికారికో వచ్చిన అతిథికో 30 డిగ్రీలు, క్షమాపణకూ గాఢమైన కృతజ్ఞతకూ 45 డిగ్రీలు అని శిక్షణల్లో చెబుతారు. డిగ్రీలు బట్టీపట్టడం తేలికే. ఎవరి ముందు ఎంతసేపు వంగి ఉండాలో, ఎవరు ముందుగా లేవాలో, చూపు ఎక్కడ నిలపాలో మాత్రం ఆ సమాజంలో మసలినకొద్దీ పట్టుబడే విషయాలు. వినయంగా కొద్దిగా తల వంచితే అక్కడివారు కొత్తవారి మర్యాదగా స్వీకరిస్తారు, కాబట్టి అంతవరకు నేర్పితే చాలునని నా ఉద్దేశం.

అన్నిటికంటే ముఖ్యమైనదిగా నాకు కనిపించేది తల ఊపు. చేతుల సైగలూ వంగడమూ మనం తలచుకుని చేసేవి. తల ఊపు అలాంటిది కాదు, ఎదుటివారు మాట్లాడుతుండగా మన ప్రమేయం లేకుండానే జరిగిపోతుంది. మానవజాతి అంతటా ముఖకవళికలు ఒకటేనా అని తెలుసుకోవడానికి చార్లెస్ డార్విన్ 1867లో దేశదేశాలకు పంపిన ప్రశ్నావళిలో ఎన్నో ప్రశ్నలున్నాయి. అవునంటే తల కిందికీ మీదికీ ఆడిస్తారా, కాదంటే పక్కలకు తిప్పుతారా అన్నది వాటిలో చివరిది. బల్గేరియాలో ఈ రెండూ తారుమారుగా ఉంటాయి. గ్రీసు, టర్కీలలో తలను ఒక్కసారి పైకెత్తితే కాదని అర్థం.

మన సంగతి ఇంకా సూక్ష్మమైనది, ఎందుకంటే మనం కాదనడానికీ సరేననడానికీ కూడా తలను పక్కలకే కదుపుతాం. నందికేశ్వరుని నాట్య గ్రంథం అభినయ దర్పణంలో చెప్పిన తొమ్మిది శిరోభేదాలలో, అంటే తల కదలికలలో, ఈ తేడా స్పష్టంగా ఉంది. ముఖాన్ని కుడి ఎడమలకు తిప్పడం ధుతం, లేదని చెప్పడానికి దానిని వినియోగిస్తారు. చామరం వీచినట్టు తలను రెండు పక్కలకూ ఊపడం పరివాహితం, సంతోషానికీ అనుమోదానికీ అది తగినదని ఆ గ్రంథం చెబుతుంది. మనవారి కంటికి ఈ రెంటి మధ్య తేడా క్షణంలో తెలుస్తుంది, జర్మనీవారి కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

దీని ఫలితం నేను దగ్గరగా చూశాను. నేను సిద్ధం చేసిన అమ్మాయిని వీడియో ఇంటర్వ్యూలో రాత్రి డ్యూటీలు చేయగలరా అని అడిగారు. ఆమె చిరునవ్వుతో పరివాహితంగా తల ఊపింది. నోరు మాత్రం విప్పలేదు, పెద్దవారి మాటకు తల ఊపడమే ఆమె దృష్టిలో పూర్తి జవాబు. అడిగినావిడ ముఖం ముడుచుకుని అదే ప్రశ్న వేరే మాటల్లో అడిగారు, మళ్ళీ అదే ఊపు. చివరికి ఆ అమ్మాయి గొంతు పెగుల్చుకుని "యా (జర్మన్‌లో అవును), చేయగలను" అన్నాకే అడిగినావిడ ముఖం విప్పారింది. ఇదే ఊపు రేపు ఆసుపత్రిలో మందు ఇచ్చారా అని డాక్టరు అడిగినప్పుడు వస్తే అది ఇంటర్వ్యూతో పోయేది కాదు.

అందుకే నేను రెండో దారి వైపే మొగ్గుతాను. పుట్టి పెరిగిన ఊపును మాన్పించడానికి ప్రయత్నించడం దండగ. అద్దం ముందు మానేసిన పిల్లలు కూడా అలసిపోయినప్పుడు, కంగారుపడినప్పుడు మళ్ళీ అలాగే ఊపుతారు. తల ఊపితే ఊపనివ్వండి, దానితోపాటు "యా" అనో "నైన్" (కాదు) అనో తప్పకుండా పైకి అనడం అలవాటు చేయండి. మాత్రలెన్నో చెప్పేటప్పుడూ అంతే. జర్మనీవారు లెక్క బొటనవేలితో మొదలుపెడతారు, మనలో చాలామంది చూపుడువేలితో చూపిస్తారు, కాబట్టి వేళ్ళు చూపినా అంకె నోటితో చెప్పాల్సిందే. కంటిచూపు మందగించిన ముసలివారికి సేవ చేయబోయేవారికి ఈ అలవాటు మరీ అవసరం.

భావప్రసారంలో మాటల వాటా 7 శాతమేననీ, మిగతాదంతా గొంతూ హావభావాలేననీ కోచింగ్ సెంటర్లలో చెబుతుంటారు, అది విని తల్లిదండ్రులు హడలిపోతుంటారు. ఆ అంకెలు 1967లో మనస్తత్వశాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ ప్రచురించిన ప్రయోగాలవి. ఒక్కొక్క మాటను పలికే స్వరమూ, పలికేవారి ముఖమూ మాట అర్థంతో పొసగనప్పుడు, వారి ఇష్టాయిష్టాలను వినేవారు దేన్నిబట్టి ఊహిస్తారన్నదే ఆయన చూసిన విషయం. ఏ గదికి ఏ మందు అన్న సమాచారానికి ఆ లెక్క వర్తించదు.

మన తీరునే నిలుపుకోమన్నంత మాత్రాన అన్నీ నిలుపుకోమని కాదు. ఎదుటివారికి నొప్పి కలిగించేవి మానుకోవాలి. అరబ్బు దేశాలలో అరికాలు ఎదుటివారి వైపు చూపకూడదు, ఎడమ చేత్తో ఏదీ ఇవ్వకూడదు. ఈ రెండూ మన ఇళ్ళలో చిన్నప్పుడే నేర్పేవి గనుక మనవారికి కష్టం కాదు. ఇరాన్‌లో బొటనవేలు పైకెత్తి చూపడం, బ్రెజిల్, టర్కీలలో బొటనవేలూ చూపుడువేలూ సున్నాలా కలిపి చూపడం బూతు కిందకు వస్తాయి, కాబట్టి ఫోటోలలో సైతం మానేయడం క్షేమం. గల్ఫ్‌లో పరాయి స్త్రీకి మగవాళ్ళు ముందుగా చెయ్యి చాపకూడదు. అరచేతిని గుండెపై ఆనించుకుని పలకరిస్తే చాలు.

నా వాదనకు లొంగని విషయాలు రెండున్నాయని ఒప్పుకోవాలి. ఒకటి చూపు. పెద్దల ముందు కళ్ళు దించుకోవడం మనకు గౌరవం, జర్మనీ ఇంటర్వ్యూలో అదే దాపరికంగానో బెరుకుగానో కనిపిస్తుంది, దానిని ఏ మాటా సరిదిద్దలేదు. కాబట్టి జవాబు మొదలుపెట్టేటప్పుడూ ముగించేటప్పుడూ అడిగినవారి ముఖంలోకి చూడడం సాధన చేయవలసిందే. రెండోది ఎడం. మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1966లో అమెరికన్ల గురించి రాస్తూ స్నేహితుల మధ్య కూడా ఒకటిన్నర నుంచి నాలుగు అడుగుల దూరం ఉంటుందన్నాడు. బరంపురం పాత బస్టాండులో టికెట్టు కోసం భుజాలు రాసుకుంటూ నిలబడే మనకు ఆ దూరం పరాయితనంలా తోచినా, అక్కడ పాటించాలి.

మాట వినపడని చోట మాత్రం లెక్క తిరగబడుతుంది. గంజాం జిల్లా నుంచి సూరత్ పవర్‌లూమ్‌లకు వెళ్ళేవారికి నా సలహా పనికిరాదు. ఆ రొదలో గొంతు చించుకున్నా పక్క మగ్గం దాకా చేరదు, ఆపమన్నా నూలు తెగిందన్నా చేతులతోనే చెప్పాలి. అక్కడ పాతకాపులు వాడే సైగలు చేరిన రోజే నేర్చుకోవడం ప్రాణానికే రక్ష.

చేతులు కట్టుకుని కదలకుండా కూర్చోమని కొందరు చెప్పే మూడో పద్ధతి, దేశానికొక సైగల బొమ్మలపట్టిక గోడకు అంటించుకునే నాలుగో పద్ధతి కూడా ప్రచారంలో ఉన్నాయి. మూడోది మనిషిని బొమ్మలా చేస్తుంది, నాలుగోది పరీక్షకు చదివినట్టు చదివి మరిచిపోయేందుకే. బయలుదేరడానికి ఇంకా వ్యవధి ఉన్నవారు ఇంట్లో ఎవరినైనా ప్రశ్నలు అడగమని, ఫోనులో మీ వీడియో తీసి, శబ్దం ఆపి ఒకసారీ, బొమ్మ చూడకుండా వింటూ ఒకసారీ పరిశీలించండి. రెండోసారి విన్నప్పుడు ఏ ప్రశ్నకు జవాబు వినపడలేదో అక్కడ నోటిమాట చేర్చి, మళ్ళీ తీయండి.