ఫాండెంట్ స్మూదర్ల జత: మూడేళ్లు వాడాక

కేక్ అంచు పదునుగా రావడానికి ఎన్ని తంటాలు పడ్డానో నాకే తెలుసు. అందుకే ఫాండెంట్‌ని, అంటే కేక్ మీద కప్పే చక్కెర ముద్ద పొరని, నున్నగా రుద్దే ఈ రెండు తెల్ల ప్లాస్టిక్ పలకలంటే (స్మూదర్లంటే) నాకంత ఇష్టం. ఒకటే కొని ఉంటే ఈ ఇష్టం కలిగేది కాదు. ఒకదాన్ని కేక్ పైన పరిచి, రెండోదాన్ని పక్కన నిలువుగా ఆనించి, రెండూ అంచు దగ్గర కలుసుకునేలా మెల్లగా ఒత్తుతూ కేక్ కింద ఉన్న టర్న్‌టేబుల్ (గుండ్రంగా తిరిగే పీట) తిప్పాలి. దిండులా గుండ్రంగా ఉన్న అంచు నాలుగు చుట్లు తిరిగేసరికి డబ్బా మూతలా తేరుతుంది. మొదటిసారి అలా వచ్చినప్పుడు ఆ కేక్ ఆర్డర్ ఇచ్చినవాళ్లకి ఇవ్వబుద్ధి కాలేదు.

అయితే ఇదే జత నన్ను ఒక రాత్రంతా ఏడిపించింది. ఒక బాబు మొదటి పుట్టినరోజుకి ముదురు నీలం కేక్. పైన చందమామ, చుక్కలు. మర్నాడు పొద్దున పదింటికి ఇవ్వాలి. రాత్రి తొమ్మిదికి ఫాండెంట్ కప్పి పక్కలు రుద్దుతుంటే వెంట్రుక మందాన ఒక తెల్లటి గీత పడింది. కార్న్‌ఫ్లోర్ ఎక్కువైందేమో అనుకుని బ్రష్‌తో దులిపాను. మళ్లీ గీత. ఫాండెంట్ ఎండిపోయిందేమో అని వేలితో కాస్త డాల్డా రాశాను. మళ్లీ అదే గీత. టెన్షన్‌తో చేతులు చెమట పడుతున్నాయి, నీలం రంగు అరచేతులకి అంటుకుంటోంది. అప్పుడు చూశాను, గీతలన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. రెండో స్మూదర్ తీసుకుని రుద్దితే గీత పడలేదు.

మంచినీళ్లకి వంటింట్లోకి వచ్చిన అత్తయ్య మొదటిదాన్ని చేతిలోకి తీసుకుని, అంచు వెంట బొటనవేలి గోరు పోనిచ్చారు. "ఇదిగో, ఇక్కడ గరుగ్గా తగులుతోంది చూడమ్మా" అన్నారు. అచ్చు అతుకు దగ్గర మిగిలిపోయిన ప్లాస్టిక్ పలుకు అది, నువ్వుగింజలో సగం కూడా ఉండదు. అప్పటిదాకా తెల్లవి, లేత గులాబీవే చేశాను కాబట్టి ఏడాది పాటు కంటికి ఆనలేదు. నెయిల్ ఫైల్‌తో రుద్దితే ఇంకా గరుకైంది. బీరువాకి రంగు వేయించినప్పుడు మిగిలిన 1000 నంబర్ వాటర్ పేపర్ (సన్నటి గరుకు కాగితం) దొరికింది. దాన్ని తడిపి పది నిమిషాలు రుద్దాక అంచు గాజులా నున్నబడింది. కేక్ మీద గీతలు అరచేతి వేడితో గుండ్రంగా రుద్దితే చాలావరకు పోయాయి. లోతుగా పడిన రెండింటి మీద చుక్కలు అంటించాను.

ఈ స్మూదర్లు ఉంటే చాలు, ఎవరి కేకైనా నున్నగా వస్తుందని అప్పట్లో అడిగినవాళ్లందరికీ చెప్పాను. ఆ మాట కొంత సవరించుకోవాలి. సగానికి పైగా పని అడుగున ఉన్న పూతదే. మొదటి వేసవిలో బటర్‌క్రీమ్ మీద ఫాండెంట్ కప్పేదాన్ని. మా విజయవాడ మే నెల ఎండకి లోపలి క్రీమ్ మెత్తబడి, స్మూదర్‌తో ఒత్తినకొద్దీ కిందికి జారి, అడుగున బొజ్జలా వచ్చేది. ఇప్పుడు డార్క్ చాక్లెట్‌ని వేడి పాల క్రీమ్‌లో కరిగించి చేసే గనాష్ వాడుతున్నాను. మామూలు రోజుల్లో క్రీమ్‌కి రెండింతలు చాక్లెట్, మండు వేసవిలో ఇంకాస్త ఎక్కువ. రాత్రంతా గట్టిపడనిచ్చి, ఫాండెంట్ మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన వత్తుకుంటే, స్మూదర్‌కి మిగిలే పని చాలా తక్కువ.

గాలి బుడగలకి కూడా ఇది మందు కాదు. ఒత్తితే బుడగ పక్కకి జరుగుతుందంతే. సన్నటి సూదితో ఏటవాలుగా గుచ్చి గాలి తీశాకే రుద్దాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన కేక్‌కి చెమట పట్టి ఉంటే స్మూదర్ అసలు ఆనించకండి. జిగురుకి అతుక్కుని పైపొర లేచిపోతుంది. ఫ్యాన్ కింద పెట్టి, దానంతట అది ఆరేదాకా చెయ్యి వేయకుండా ఉండడమే మంచిది.

నేను నెలకి నాలుగైదు కేకులు చేస్తాను, అన్నీ ఇంట్లోనే, ఎక్కువగా 6, 8 అంగుళాల గుండ్రటివి. వాటికి ఈ జత నాకు ప్రాణం. చతురస్రం కేకులు బాగా చేసేవాళ్లు ఏమంటారో కానీ, వాటి మూలల దగ్గర నాకు పిడి అడ్డొస్తోంది. బొమ్మల ఆకారాలకైతే ఓహెచ్‌పీ షీట్‌ని (వంగే పారదర్శక ప్లాస్టిక్ షీట్) అరచేయంత ముక్క కత్తిరించి, మూలలు గుండ్రం చేసి వాడుతున్నాను. వంపులు తిరిగిన చోట అదే బాగా పనిచేస్తోంది. ఏడాదికి రెండు కేకులు చేసేవాళ్లకి ఆ షీట్ ముక్క సరిపోవచ్చు. ఈ జత కొంటే మాత్రం కేక్ మీద పెట్టకముందే నాలుగు అంచులూ గోటితో తడిమి చూసుకోండి. కిందటి సంక్రాంతికి నేనూ ఒక కొత్త జత కొన్నాను. గోటికి ఏమీ తగల్లేదు, అయినా ఇంకా కవర్‌లోనే ఉంది. అత్తయ్య పట్టి చూపించిన పాతదే చేతికి అలవాటైపోయింది.