పదిమందికి పరాయి దేశంలో బస: నా ఓటు రిసెప్షన్ ఉన్న అపార్ట్‌హోటల్‌కే

అపార్ట్‌హోటల్ అంటే మామూలు గదికి బదులు వంటగదితో కూడిన చిన్న యూనిట్ ఇచ్చే హోటల్. దాని గురించి ఎవరు రాసినా ముందు వంటగది గురించి, తర్వాత వాషింగ్ మెషీన్ గురించి రాస్తారు. రెండూ మాకూ పనికొచ్చాయి. కానీ ఇన్నేళ్ల వాడకం తర్వాత నేను గట్టిగా మెచ్చుకునేది మాత్రం వీధి తలుపు తీయగానే కనిపించే రిసెప్షన్ కౌంటర్‌ని, దాని వెనక నిలబడి ఉండే మనిషిని. పెద్ద కుటుంబంతో తెలియని నగరంలో దిగేవాళ్లకి అంతకన్నా విలువైన సౌకర్యం ఇంకోటి లేదని నా నమ్మకం.

మేం పదిమందిమి. అమ్మ, అన్నయ్య వాళ్లు నలుగురు, చెల్లి వాళ్లిద్దరు, మేం ముగ్గురం. అమ్మకి డెబ్బై దాటాయి, మోకాళ్లు సహకరించవు. పిల్లల్లో అందరికన్నా చిన్నవాడు మావాడు. ఇలాంటి గుంపుకి మామూలు హోటల్ కుదరదు. గదికి ఇద్దరు, మహా అయితే ముగ్గురు అంటారు. నాలుగైదు గదులు తీసుకోవాలి, అవి తలో అంతస్తులో వస్తాయి. అందుకే మొదట్లో మేమూ అందరిలాగే ఫ్లాట్ మొత్తం అద్దెకు తీసుకునేవాళ్లం. రాత్రి అందరం ఒకే హాల్లో కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు, పిల్లలు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పరిగెత్తొచ్చు, తలకింత అని పంచుకుంటే ఖర్చూ తగ్గుతుంది. ఆ రోజుల్లో ఎవరడిగినా కళ్లు మూసుకుని ఫ్లాట్ తీసుకోమనేదాన్ని.

పారిస్ తర్వాత ఆ మాట అనడం మానేశాను.

ఆ రోజు విమానం తెల్లవారుజామున దిగింది. ఫ్లాట్‌లో చెకిన్ మధ్యాహ్నం నాలుగింటికి, కానీ ఉదయమే వచ్చి సామాను పెట్టుకోవచ్చని ఓనర్ ముందుగానే మెసేజ్‌లో ఒప్పుకున్నాడు. మనిషెవరూ ఉండరు. ఇంటి ముందు ఇనుప రెయిలింగ్‌కి నంబర్ లాక్ ఉన్న చిన్న నల్ల పెట్టె వేలాడుతుంటుంది, కోడ్ కలిపితే తెరుచుకుంటుంది, లోపల తాళంచెవులు ఉంటాయి. వీధి తలుపుకి ఇంకో కోడ్. అన్నీ వివరంగా రాసి ఫోటోతో సహా పంపాడు. రెండు పెద్ద టాక్సీల్లో వెళ్లి దిగాం. చూస్తే ఆ రెయిలింగ్‌కి ఒకేలాంటి పెట్టెలు వరసగా వేలాడుతున్నాయి. ఫోటోలో ఉన్నది వాటిలో ఏదో తెలియలేదు. అన్నయ్య వంగి ఒక్కోదానికీ మా కోడ్ కలిపి చూస్తుంటే, దారిన పోయే పెద్దావిడ ఒకరు ఆగి అనుమానంగా చూశారు. చూడరా మరి, ఎవరెవరి ఇళ్ల తాళాలో అవి. చివరికి ఒకటి తెరుచుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. పెట్టె లోపల ఏమీ లేదు. మాకంటే ముందు దిగినవాళ్లు తాళాలు తమతోనే పట్టుకుపోయారు. ఆ సంగతి మాకు తెలిసింది చాలా గంటల తర్వాత.

ఓనర్ ఫోన్ ఎత్తలేదు. బుకింగ్ సంస్థ హెల్ప్‌లైన్‌లో చాలాసేపు మ్యూజిక్ విన్నాక ఒకమ్మాయి మాట్లాడింది. ఓనర్‌కి జవాబు చెప్పడానికి కొంత గడువు ఇవ్వాలని, అది దాటాకే వేరే చోటు వెతికి పెట్టగలమని చెప్పింది. ఆ అమ్మాయిని తప్పుపట్టను, ఆమెకి ఇచ్చిన పద్ధతి అది. కానీ ఇక్కడ అమ్మ ఫుట్‌పాత్ మీద సూట్‌కేస్ మీద కూర్చుని ఉంది. రాత్రంతా విమానంలో మోకాళ్లు ముడుచుకుని వచ్చిన మనిషి. బాత్‌రూమ్‌కి వెళ్లాలని అడగడానికి మొహమాటపడుతూ చాలాసేపు ఓర్చుకుంది. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ కోపం తగ్గదు.

ఆ పూట మమ్మల్ని ఆదుకుంది ఆ నగరం వీధుల్లో ఉండే పబ్లిక్ టాయిలెట్. సానిజెత్ అంటారు వాటిని. 2006 నుంచి పూర్తిగా ఉచితం. ఒకరు బయటికి రాగానే తలుపు మూసుకుపోయి లోపలంతా దానంతటదే కడుక్కుంటుంది, అది పూర్తయ్యేదాకా తర్వాతివాళ్లు బయటే ఆగాలి. మంచి ఏర్పాటే, కానీ పదిమంది వరసలో ఉంటే మాత్రం పరీక్షే. మావాడు ఆగలేక ఏడ్చాడు. సగంమంది అక్కడ క్యూలో, సగంమంది ఇక్కడ సామానుకి కాపలా. చినుకులు మొదలయ్యాక సూట్‌కేసులన్నీ ఈడ్చుకుంటూ ఒక షాపు పందిరి కిందకి చేరాం. దగ్గర్లో కేఫ్ ఉంది గానీ అన్ని పెట్టెలతో ఇంతమందిని వాళ్లు మాత్రం ఎక్కడ కూర్చోబెడతారు? అమ్మని, పిల్లల్ని మాత్రం లోపల కూర్చోబెట్టగలిగాం. మధ్యాహ్నం ఎప్పుడో ఓనర్ తేరుకుని ఫోన్ చేశాడు, తను వేరే ఊళ్లో ఉన్నానన్నాడు. ఇల్లు శుభ్రం చేసే ఆమె ఇంకో తాళం తెచ్చి తలుపు తీసేసరికి నాలుగు దాటింది. ఫ్లాట్ బాగుంది, ఫోటోల్లో చూపించినట్టే ఉంది. దాన్ని చూసి ఆనందించే ఓపిక మాలో ఎవరికీ లేదు. సంస్థ కొంత డబ్బు వెనక్కిచ్చింది. పోయిన రోజు పోయినట్టే.

2025లో పారిస్ నగరపాలక సంస్థ వీధుల్లో రెయిలింగులకు, స్తంభాలకు తగిలించిన ఇలాంటి పెట్టెలను తీసేయించడం మొదలుపెట్టిందని చదివి మనస్ఫూర్తిగా సంతోషించాను. అక్కడ కాపురం ఉండేవాళ్ల బాధ వేరు, నాది వేరు, కానీ పరిష్కారం ఒకటే.

ఇంకో సంగతి కూడా మమ్మల్ని ఫ్లాట్ల నుంచి దూరం చేసింది. చాలా నగరాల్లో మాలాంటి పెద్ద గుంపుకి ఫ్లాట్ ఇవ్వడమే నియమాలకు విరుద్ధం. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబర్ నుంచి గట్టిగా అమలవుతున్న చట్టం ప్రకారం, 30 రోజుల లోపు బస అయితే ఇంటివాళ్లు కూడా అదే ఇంట్లో ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో సొంత ఇంటిని ఇలా అద్దెకిచ్చేవాళ్లు ఒకేసారి నలుగురికి మించి ఇవ్వకూడదు. సింగపూర్‌లో ప్రైవేటు ఇళ్లను మూడు నెలలకన్నా తక్కువ కాలానికి అద్దెకివ్వడమే కుదరదు. బార్సిలోనా 2028 నవంబర్ నాటికి టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులన్నీ ఆపేస్తామని ప్రకటించింది. అయినా వెతికితే పదిమందికి సరిపడే చవక ఫ్లాట్లు కనిపిస్తూనే ఉంటాయి. ఒక ఊళ్లో అలాంటిది బుక్ చేశాక ఓనర్ నుంచి మెసేజ్ వచ్చింది: ఇరుగుపొరుగు ఎవరైనా అడిగితే మా స్నేహితులమని చెప్పండి, అందరూ ఒకేసారి కాకుండా ఇద్దరిద్దరుగా లోపలికి రండి. డబ్బులు పెట్టి దొంగల్లా దూరడమెందుకే అంది అమ్మ. ఆ రాత్రే రద్దు చేసేశాం.

అప్పటి నుంచి మా పద్ధతి ఒకటే. అపార్ట్‌హోటల్లో నలుగురికి ఒకటి, ముగ్గురేసికి రెండు చొప్పున మూడు చిన్న యూనిట్లు.

మొదటిసారి లండన్‌లో. మళ్లీ తెల్లవారుజాము విమానమే. ఉదయం ఏడున్నరకి మేం లోపలికి అడుగుపెట్టేసరికి కౌంటర్ దగ్గర ఒకబ్బాయి ఉన్నాడు. పెట్టెలన్నిటికీ ట్యాగులు కట్టి పక్కగదిలో పెట్టించాడు, బాత్‌రూమ్ ఎటో చూపించాడు. గదులు మూడింటికి గానీ సిద్ధం కావని చెప్పాడు, అది మాకు తెలిసిందే. అమ్మ సోఫాలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. అతను ఆమెని ఒకసారి చూసి, ఎవరికో ఫోన్ చేసి, మేం నోరు తెరిచి అడగకుండానే తొమ్మిదింటికల్లా ఒక యూనిట్ ముందుగా శుభ్రం చేయించి ఇచ్చాడు. అదనంగా పైసా తీసుకోలేదు. అమ్మ, పిల్లలు పడుకున్నారు, మిగతావాళ్లం వంతులవారీగా స్నానాలు చేసి బయటికెళ్లాం. ఇది ప్రతిచోటా జరుగుతుందని అనుకోవద్దు. మాకూ ప్రతిసారీ జరగలేదు. కానీ చూసి జాలిపడటానికైనా అక్కడొక మనిషి ఉండాలి కదా.

జపాన్‌లో ఆ కౌంటర్ విలువ ఇంకా బాగా తెలిసొచ్చింది. అక్కడి అపార్ట్‌హోటళ్లలో బంకు మంచాలతో ఆరుగురు పట్టే గదులు కూడా దొరుకుతాయి, పిల్లలకైతే పండగే. మా బెంగంతా క్యోటో నుంచి టోక్యోకి ఇన్ని పెట్టెలతో షింకాన్‌సెన్ అనే బుల్లెట్ రైలు ఎలా ఎక్కాలన్నదే. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టె ఉంటే ఆ మార్గంలో దానికి చోటున్న సీటు ముందే రిజర్వ్ చేసుకోవాలి, 2020 నుంచి ఉన్న నియమం అది. కౌంటర్‌లోని అమ్మాయి ఆ టెన్షన్ మొత్తం తీసేసింది. పెద్ద పెట్టెలన్నిటికీ తనే ఫారాలు నింపి, తక్యూబిన్ అనే పార్సెల్ సర్వీసులో టోక్యోలోని మా తర్వాతి బసకి పంపించింది. మేం భుజానికి ఒక్కో సంచితో రైలెక్కాం. మర్నాడు పెట్టెలన్నీ టోక్యో కౌంటర్ వెనక వరసగా పెట్టి ఉన్నాయి. ఇటు పంపేవాళ్లు, అటు మనం లేకపోయినా తీసుకుని దాచేవాళ్లు ఉన్నారు కాబట్టే కుదిరింది. రెయిలింగ్‌కి వేలాడే పెట్టె అన్ని సూట్‌కేసులకు సంతకం పెట్టి తీసుకోలేదు.

పాస్‌పోర్టుల సంగతీ అంతే. జపాన్‌లో బసచేసే విదేశీ పర్యాటకుల పాస్‌పోర్టు కాపీ తీసుకోవాలి. ఇంకా చాలా దేశాల్లో అతిథుల వివరాలు నమోదు చేయాలి. కౌంటర్‌లో మా కళ్లముందే కాపీలు తీసి తిరిగిచ్చేశారు. ఫ్లాట్లు తీసుకునే రోజుల్లో ఇంటిల్లిపాది పాస్‌పోర్టు ఫోటోలు, పసివాడిది కూడా, ముఖం తెలియని ఓనర్ ఫోన్‌కి పంపాల్సి వచ్చేది. నాకు అది ఎప్పుడూ మింగుడుపడలేదు.

ఇంత మెచ్చుకున్నాను గానీ, రిసెప్షన్ అని రాసిన ప్రతిచోటా మనిషి ఉండడు. ఒక ఊళ్లో మేం రాత్రి పదకొండింటికి చేరాం, కౌంటర్ ఎనిమిదింటికే మూసేశారు, తలుపుకి మళ్లీ కోడే. పనిచేసింది కాబట్టి సరిపోయింది. మరోచోట సామాను గది అని రాసింది డబ్బులేసి వాడుకునే లాకర్లు, వాటిలో మా పెద్ద పెట్టెలు పట్టలేదు. అందుకే ఇప్పుడు బుక్ చేసే ముందే రాసి అడుగుతున్నాను: మేం చేరే వేళకి మనిషి ఉంటారా, చెకౌట్ అయ్యాక సాయంత్రందాకా సామాను ఉంచుకుంటారా, మూడు యూనిట్లూ ఒకే అంతస్తులో ఇస్తారా. మూడోదానికి వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ "ప్రయత్నిస్తాం" అనే. ఒకసారి అన్నయ్య వాళ్లు రెండో అంతస్తులో, మేం ఆరో అంతస్తులో పడ్డాం. అమ్మ యూనిట్లో మాలో ఎవరో ఒకరు ఉండేలా ముందే సర్దుకున్నాం కాబట్టి ఇబ్బంది రాలేదు.

వంటగది అంటే రెండు పొయ్యిలు, యూనిట్లో ఉండేవాళ్లకి సరిపడా గిన్నెలు. పొద్దున పూట సరిపోతుంది. పదిమందికి కలిపి వండాలంటే మూడు యూనిట్లలో మూడు గిన్నెలు ఎక్కించి కారిడార్‌లో అటూ ఇటూ తిరగాలి. చెల్లికి అది సరదా, వదినకి విసుగు. ఉతికి ఆరబెట్టే మెషీన్ ఒక్కో విడతకి గంటల తరబడి తిరుగుతుంది, పైగా అన్నిచోట్లా యూనిట్లో ఉండదు, కింద ఉమ్మడిగా ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద లోటు హాలు. అందరం ఒకచోట కూర్చోవాలంటే మంచాల మీదే సర్దుకోవాలి. ఫ్లాట్ రోజుల్లోని ఆ రాత్రి కబుర్లు ఇప్పుడు తొందరగా ముగుస్తున్నాయి. నాకూ ఆ బాధ ఉంది.

ఖర్చు విషయంలో ఫ్లాటే చవక అని గుడ్డిగా చెప్పలేను, అపార్ట్‌హోటల్ చవక అనీ చెప్పలేను. ఫ్లాట్‌కి చివర్లో శుభ్రం చేసే రుసుం, సైట్ రుసుం కలుస్తాయి. అపార్ట్‌హోటల్లో సాధారణంగా అవి ఉండవు, వారం దాటితే రేటు తగ్గిస్తారు, చాలాచోట్ల చివరి రోజుల దాకా ఉచితంగా రద్దు చేసుకోవచ్చు. ఇంతమందిలో ఎవరికి ఎప్పుడు జ్వరం వస్తుందో తెలియదు కాబట్టి ఆ చివరిది మాకు డబ్బుతో సమానం. టూరిస్టు పన్ను మాత్రం చూసుకోండి. పారిస్‌లో తలకింత లెక్క, 18 ఏళ్ల లోపు పిల్లలకి లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2024 నుంచి గది ధర మీద 12.5 శాతం, అంటే ఎక్కువ యూనిట్లు తీసుకునేవాళ్ల మీద ఎక్కువ భారం. మేం నగరం నడిబొడ్డున ఉండాలన్న పట్టుదల వదిలేశాం. స్టేషన్ నుంచి మెట్రో మారకుండా చేరేచోటు చూసుకుంటాం. లండన్‌లోనైతే పెద్దవాళ్ల వెంట వెళ్లే పదకొండేళ్ల లోపు పిల్లలకి ట్యూబ్‌లో, అంటే అక్కడి మెట్రోలో, టికెట్ అక్కర్లేదు, కాస్త దూరంగా ఉన్నా ఖర్చు కలిసొచ్చింది. అదే ఊళ్లో వేసవి సెలవుల్లో యూనివర్సిటీ హాస్టల్ గదులు కూడా ఇస్తారు, కుర్రకారైతే వాటినీ చూడొచ్చు. సన్న మంచాలు, ఎక్కువగా ఒంటరి గదులు కాబట్టి అమ్మతో మాకు కుదరలేదు.

ఇదంతా పెద్దవాళ్లు, పసివాళ్లు ఉన్న మా ఇంటి లెక్క. అందరూ గట్టిగా నడవగలిగినవాళ్లయి, సాయంత్రం చేరే విమానం దొరికి, ఆ ఊరి నియమాలు ఒప్పుకుంటే మంచి ఫ్లాట్‌ని నేనూ వద్దనను. అన్నయ్య ఇప్పటికీ ఫ్లాట్ పక్షమే, హాలు కోసం. వచ్చే ప్రయాణానికి మాత్రం మళ్లీ మూడు యూనిట్లే తీసుకున్నాం. రిసెప్షన్ ఇరవై నాలుగు గంటలూ ఉంటుందని వాళ్ల చేత ఈమెయిల్ రాయించుకున్నాకే డబ్బు కట్టాను.