ఎల్డర్ స్క్రోల్స్ 6 కోసమా, విచర్ 4 కోసమా?

రాబోయే ఈ రెండు వీడియో గేముల్లో నా ఎదురుచూపు విచర్ 4 కోసమే. ఎల్డర్ స్క్రోల్స్ 6 గురించి దాన్ని తయారుచేస్తున్న బెథెస్డా 2018లో చూపించింది కొండలు, తీరం, ఒక పేరు. అంతే. నిమిషం కూడా లేని ఆ టీజర్‌ని ఆపి ఆపి చూసి పాత మ్యాపులతో పోల్చుకున్నవాళ్లున్నారు!

విచర్ 4 ట్రైలర్ 2024 డిసెంబరులో వచ్చింది, ఈసారి కథానాయిక సిరి. 2025 డెమోలో ఆమె కెల్పీ గుర్రం మీద కోవిర్ అనే కల్పిత రాజ్యం కొండదారులు దాటి, జనం కిక్కిరిసిన రేవుపట్నం సంతలోకి వెళ్తుంది. అది గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అన్‌రియల్ ఇంజిన్ 5 సత్తా చూపే డెమోనే, అసలు గేమ్ కాదు. 2020లో ఇదే స్టూడియో గేమ్ సైబర్‌పంక్ 2077 ఎన్ని లోపాలతో, ఏ స్థితిలో విడుదలైందో మర్చిపోతామా?

స్వేచ్ఛ సంగతికొస్తే మాత్రం ఎల్డర్ స్క్రోల్స్ ఐదో గేమ్ స్కైరిమ్‌దే పైచేయి. అసలు కథ గాలికొదిలేసి, కనబడ్డ గుహలన్నీ దూరి, గిన్నెలు, చెంచాలు కూడా మూటగట్టుకోవచ్చు. సొంత పాత్ర తయారుచేసుకోవాలంటే బెథెస్డా కోసమే ఆగాలి.