నిద్రమాత్రా, సీబీటీ-ఐ పద్ధతా: ఏళ్ళ తరబడి నిద్ర పట్టనివారికి ఏది మేలు?

నిద్రలేమి మాట ఎత్తితే చాలు, చివరికి అందరూ నన్ను అడిగేది ఒకటే: "డాక్టరు మాత్ర రాశారు. తెలిసినవాళ్ళు సీబీటీ-ఐ అంటున్నారు. రెంటిలో ఏది మేలు?" సీబీటీ-ఐ అంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ ఫర్ ఇన్‌సామ్నియా: మందు లేకుండా, నిద్ర చుట్టూ అల్లుకున్న ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే చికిత్స. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట వివరంగా రాసిపెట్టడం మంచిదనిపించింది.

నాలుగు రోజులు నిద్ర చెడినవారి కోసం కాదిది. ఇంట్లో చావు, పరీక్షలు, ఉద్యోగం పోవడం లాంటివాటితో పోయిన నిద్ర చాలామందికి దానంతటదే తిరిగొస్తుంది. నేను రాస్తున్నది వారానికి కనీసం మూడు రాత్రుల చొప్పున, మూడు నెలలకు పైగా, పడుకోవడానికి వీలూ వేళా ఉండి కూడా కంటి మీద కునుకు పడనివారి కోసం. వైద్యులు దీర్ఘకాలిక నిద్రలేమి అనేది దీన్నే.

దీనికి పగటి సంగతి కూడా కలిపితేనే లెక్క పూర్తవుతుంది. చదివిన పేరానే మళ్ళీ మళ్ళీ చదువుతాం. గదిలోకి వెళ్ళి, ఎందుకొచ్చామో గుర్తురాక నిలబడిపోతాం. పిల్లలు ఏదో చిన్న మాట అడిగితే అరుస్తాం, ఆనక బాధపడతాం. చీకటి పడుతున్నకొద్దీ దిగులు మొదలవుతుంది. వింతేమిటంటే, ఇంత అలసటలోనూ మధ్యాహ్నం కాసేపు పడుకుందామంటే కన్ను మూతపడదు. ఒళ్ళు సోలిపోతుంటుంది, బుర్ర మాత్రం కాపలా కాస్తూనే ఉంటుంది. మామూలుగా నిద్ర తక్కువైనవాళ్ళు వీలు దొరికితే ఎక్కడైనా ఒరిగిపోతారు. నిద్రలేమి ఉన్నవాళ్ళకు అదీ కుదరదు. ఏ చికిత్స పనిచేస్తుంది, ఎందుకు పనిచేస్తుంది అన్నది ఈ తేడా మీదే ఆధారపడి ఉంది.

ముందు మాత్రల గురించి. వాటికి రావలసిన మంచి పేరు వాటికి ఇవ్వాలి. మాత్ర మొదటి రాత్రే పనిచేస్తుంది. వారాలుగా తెల్లవార్లూ దొర్లినవారికి ఆ ఒక్క రాత్రి ఎంత పెద్ద వరమో పడ్డవాళ్ళకే తెలుసు. క్లోనజెపామ్, ఆల్ప్రజోలం లాంటి బెంజోడయజెపైన్లు, జోల్పిడెమ్ లాంటి జెడ్ రకం మందులు మెదడులో గాబా అనే నెమ్మదింపజేసే రసాయనం ప్రభావాన్ని పెంచుతాయి. కొద్ది రోజులకే వాడతామని ముందే నిర్ణయించుకుని, డాక్టరు చెప్పిన మోతాదు దాటకుండా వాడితే అందులో తప్పేమీ లేదు.

చిక్కంతా మర్నాడు పొద్దునా, మానేసిన నాడూ వస్తుంది. క్లోనజెపామ్ శరీరంలో సగానికి తగ్గడానికే 30 నుంచి 40 గంటలు పడుతుంది. అంటే రాత్రి కోసం వేసుకున్న మందు పగలంతా కూడా ఒంట్లో ఉంటుంది. జోల్పిడెమ్ అంతసేపు ఉండదు. అయినా 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆడవాళ్ళకు దాని సిఫార్సు మోతాదును 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించింది. తెల్లారేసరికి కొందరి రక్తంలో బండి నడపడం ప్రమాదమయ్యేంత మందు మిగిలి ఉంటోందన్నది కారణం. నిద్రలోనే లేచి నడవడం, బండి నడపడం లాంటి ఘటనల వల్ల 2019లో అదే సంస్థ ఈ రకం మందులన్నిటి మీదా తన అతి తీవ్రమైన హెచ్చరికను ముద్రించమంది. పెద్ద వయసువారిలోనైతే రాత్రి బాత్రూంకి లేచి తూలి పడడం, ఎముక విరగడం గురించి వైద్యులు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు.

ఇక మానేసిన నాటి సంగతి. రెండు దారులనూ నేను తూచేది దీనితోనే. కొన్ని వారాలో నెలలో రోజూ వాడిన మాత్రను ఒక్కసారిగా ఆపితే నిద్ర మునుపటికన్నా ఘోరంగా చెడిపోవచ్చు. అది మెదడు మందుకు అలవాటుపడి, అది అందనప్పుడు చూపే ఎదురుదెబ్బ. కొంతకాలం పోతే తగ్గుతుంది. కానీ తెల్లవారుజామున మూడింటికి కళ్ళు తెరుచుకుని పడుకున్న మనిషికి అలా అనిపించదు. "నా జబ్బు ఇంత ముదిరిందన్నమాట, మాత్ర లేకపోతే నేను బతకలేను" అనిపిస్తుంది. మర్నాడు మళ్ళీ మాత్ర వేసుకుంటారు, నిద్ర పడుతుంది, అనుమానం కాస్తా నమ్మకమైపోతుంది. ఇలా మొదట రెండు వారాలకని రాసిన చీటీ ఏళ్ళ తరబడి నడుస్తుంది. నాకు తెలిసి మాత్ర చేసే పెద్ద నష్టం ఇదే. నిద్ర పట్టిన ప్రతి రాత్రి ఘనతా మాత్రకే పోతుంది. తన ఒంటికి నిద్రపోవడం వచ్చునన్న ధైర్యం మనిషిలో రోజురోజుకీ సన్నగిల్లుతుంది.

మాత్ర ముట్టుకోని భాగం ఇంకొకటుంది. ఆర్థర్ స్పీల్‌మన్ అనే మనస్తత్వవేత్త 1980లలో నిద్రలేమిని మూడు పొరలుగా విడదీసి చూపించాడు. పుట్టుకతో వచ్చే స్వభావం ఒకటి, దాన్ని మొదలుపెట్టిన దెబ్బ ఒకటి, అది పోకుండా పట్టి ఉంచే అలవాట్లు ఒకటి. ఏళ్ళు గడిచేసరికి మొదటి దెబ్బ ఏదో కూడా గుర్తుండదు, అలవాట్లే దాన్ని మోస్తుంటాయి. నిద్ర రాలేదని రాత్రి తొమ్మిదికే మంచమెక్కడం, పొద్దున ఎనిమిది దాకా లేవకపోవడం, సెలవు రోజున మధ్యాహ్నం దాకా దొర్లడం, ఒంట్లో బాగాలేదని పనులూ నడకా మానుకోవడం. అన్నీ పోయిన నిద్రను రాబట్టుకోవాలనే చేస్తాం. అన్నీ కలిసి ఉన్న నిద్రను కూడా పలచబరుస్తాయి. రోజంతా చిరుతిళ్ళు తిన్నవారికి భోజనం వేళకు ఆకలి ఎలా ఉండదో, పగలూ రాత్రీ మంచం మీదే గడిపినవారిలో నిద్ర ఒత్తిడి, అంటే మేలుకొని ఉన్నకొద్దీ పెరిగే నిద్ర ఆకలి, అలాగే పోగుపడదు.

సీబీటీ-ఐ పట్టుకునేది సరిగ్గా ఈ మూడో పొరను. ఇది మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు, వారానికోసారి శిక్షణ పొందిన మనిషితో కూర్చుని చేసేది. పేరులో ఆలోచనల ప్రసక్తి ఉంది కాబట్టి మాటలతో మనసును ఊరడిస్తారని చాలామంది అనుకుంటారు. నిజానికి బరువు మోసేది పడక వేళల మార్పే. లెక్క ఇలా ఉంటుంది. రెండు వారాలు నిద్ర డైరీ రాయాలి: ఎప్పుడు పడుకున్నాం, సుమారుగా ఎప్పుడు నిద్ర పట్టింది, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఎప్పుడు లేచాం. రాత్రి 10కి మంచమెక్కి పొద్దున 7కి దిగుతూ అందులో సగటున ఐదున్నర గంటలే నిద్రపోతున్నారనుకోండి. 9 గంటల పడకలో 61 శాతమే నిద్ర. అప్పుడు పడకను నిద్రకు సరిపడా కుదిస్తారు. లేచే వేళ 6 అని ఖాయం చేసుకుంటే, మంచమెక్కేది అర్ధరాత్రి పన్నెండున్నరకు. అంతకు ముందు ఎంత నిద్ర వచ్చినా పడుకోకూడదు, రాత్రి ఎలా గడిచినా 6 దాటి పడకలో ఉండకూడదు. ఎంత తక్కువ నిద్రపోతున్నవారికైనా ఐదు గంటలకన్నా కుదించరు. వారం సగటు 85 శాతం దాటి నిలబడితే 15 నిమిషాలు పెంచుతారు. అలా మెట్టుమెట్టుగా.

మొదటి రెండు వారాలు చాలా కష్టం. దాన్ని ఎవరూ తగ్గించి చెప్పకూడదు. నేను ఈ చికిత్స చేయించుకున్న రోజుల్లో రాత్రి పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా మేలుకొని ఉండడమే పెద్ద పని. కూర్చుంటే తల వాలిపోతోందని నిలబడి బట్టలు మడతపెట్టేదాన్ని. మడిచినవే విప్పి మళ్ళీ మడిచిన రాత్రులున్నాయి. కానీ ఏళ్ళ తరవాత మొదటిసారి నిద్ర కోసం నేను వెతుక్కోలేదు, అదే నన్ను తరుముకుంటూ వచ్చింది. దిండు మీద తల పెట్టడం గుర్తుంది, తరవాతిది అలారం. ఆ పొద్దున కూడా అలసటగానే ఉంది. కానీ భయం లేదు. నిద్రపోయే శక్తి నాలో ఎక్కడికీ పోలేదని ఆ రాత్రి నాకు రుజువైంది. ఆ రుజువు ఏ మాత్రా ఇవ్వలేదు.

దీనికి తోడుగా రిచర్డ్ బూట్జిన్ 1972లో చెప్పిన నియమాలు ఉంటాయి. మంచం నిద్రకూ దాంపత్యానికీ తప్ప మరి దేనికీ వాడకూడదు. నిద్ర ముంచుకొస్తేనే పడుకోవాలి. ఇరవై నిమిషాలపాటు నిద్ర పట్టలేదనిపిస్తే లేచి వేరే గదిలోకి వెళ్ళి, మసక వెలుతురులో ఏదైనా తేలిక పని చేసుకుని, కళ్ళు మూతలు పడుతుంటే తిరిగి రావాలి. ఇరవై నిమిషాలన్నది అంచనాకే, గడియారం చూసి కాదు. గడియారాన్ని అసలు గోడవైపు తిప్పిపెట్టేయాలి. రెండు నలభైకి మెలకువ వచ్చి టైం చూసినవారి బుర్రలో ఏం నడుస్తుందో మనకు తెలిసిందే: ఇప్పుడు పడితే మూడు గంటలు, ఇంకో అరగంట పోతే రెండున్నర, రేపటి మీటింగులో నా గతేమిటి. ఆ లెక్క మొదలైతే ఇక ఆ రాత్రి నిద్ర లేనట్టే. ఆలోచనల మీద పని అంటే కూడా ఇదే. నిద్ర చాలని మర్నాడు నిజంగా ఎలా గడిచిందో సాయంత్రం కాగితం మీద రాసి, రాత్రి మనం ఊహించుకున్నదానితో పోల్చి చూడడం. చాలా రోజులు ఊహించినంత ఘోరంగా గడవవు. నెలపాటు రాస్తే మనకే కనబడుతుంది.

ఆశలు ఎంతవరకు పెట్టుకోవచ్చు? పరిశోధనలన్నీ కలిపి చూస్తే నిద్ర పట్టడానికి పట్టే సమయం సగటున 20 నిమిషాల దాకా, రాత్రి మధ్యలో మేలుకొని ఉండే సమయం 25 నిమిషాల దాకా తగ్గుతాయి. మొత్తం నిద్ర గంటలు మాత్రం చికిత్స ముగిసేనాటికి పెద్దగా పెరగవు. ముక్కలు ముక్కలుగా ఉన్న నిద్ర ఒక్కటవుతుంది, అంతే. ఎనిమిది గంటలు కావాలని వచ్చినవారికి ఇది నిరాశగా అనిపిస్తుంది. కానీ పగటి మీద తేడా తెచ్చేది ఆ అతుకే. నెలల తరవాత, చికిత్స చేసే మనిషిని కలవడం మానేశాక కూడా ఆ లాభం చాలామందిలో నిలుస్తుంది. అందుకే అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో వయోజనులందరికీ మొదట ఇవ్వవలసిన చికిత్స ఇదేనంది. యూరప్ మార్గదర్శకాలు 2017లోనూ, సవరించిన 2023లోనూ అదే మాటన్నాయి.

అయినా సీబీటీ-ఐ అందరికీ కాదు. బైపోలార్ జబ్బు ఉన్నవారిలో నిద్ర కుదిస్తే మనసు ఉద్రేకం వైపు అదుపు తప్పవచ్చు. మూర్ఛ ఉన్నవారిలో ఫిట్స్ రావచ్చు. భారీ వాహనాలు, యంత్రాలు నడిపేవారికి ఆ మొదటి వారాల మగత ప్రాణాంతకం. వీళ్ళు సొంతంగా మొదలుపెట్టనే కూడదు. గట్టిగా గురక పెడుతూ, నిద్రలో ఊపిరి ఆగినట్టయి, పగలు కూర్చున్నచోటే నిద్రపోయేవారికి ఉన్నది స్లీప్ ఆప్నియా కావచ్చు. దాని పరీక్ష వేరు, చికిత్స వేరు. తీవ్రమైన కుంగుబాటు ఉన్నా, చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా ముందు మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళాలి. నిద్ర సంగతి అక్కడే తేలుతుంది. ఇంకో పెద్ద లోటు, ఇందులో శిక్షణ ఉన్నవారు తక్కువ, దొరకడం కష్టం. మనిషి దొరకనప్పుడు యాప్ రూపంలో ఉన్న కార్యక్రమాలు పనికొస్తాయి. అలాంటి స్లీపియో అనే యాప్‌ను 2022లో బ్రిటన్‌లో ఏ చికిత్స ఇవ్వాలో సూచించే నైస్ సంస్థ సిఫార్సు చేసింది కూడా.

కొత్తగా వచ్చిన మాత్రల సంగతీ అడుగుతున్నారు. సువొరెక్సంట్ (2014), లెంబొరెక్సంట్ (2019), డారిడొరెక్సంట్ (2022) మెదడును మేల్కొలిపి ఉంచే ఒరెక్సిన్‌ను అడ్డుకుంటాయి. పాతవాటిలా అలవాటుపడడం, ఆపినప్పటి ఎదురుదెబ్బ వీటిలో తక్కువ. దీర్ఘకాలం మాత్ర తప్పదన్నవారు డాక్టరుతో వీటి గురించి మాట్లాడడం మంచిది. అయితే ఇవి కూడా ఆ మూడో పొర జోలికి పోవు.

మిగతావి క్లుప్తంగా. మెలటోనిన్ విమాన ప్రయాణాల వల్ల, ఒంటి లోపలి గడియారం ఆలస్యంగా నడవడం వల్ల తప్పిన నిద్రకు పనికొస్తుంది, దీర్ఘకాలిక నిద్రలేమికి దాని మేలు స్వల్పం. జలుబు మాత్రల మగత కొద్ది రోజులకే పనిచేయడం మానేస్తుంది, పెద్ద వయసువారిలో మతి తికమక చేస్తుంది. మద్యం తొలి జాము నిద్ర ఇచ్చి మలి జాము చెడగొడుతుంది. కాఫీ తగ్గించు, ఫోన్ పక్కన పెట్టు అన్న సలహాలు పాటించడం మంచిదే, ఒక్క వాటితోనే ఏళ్ళనాటి నిద్రలేమి పోదు. నిద్ర లెక్కలు చూపే ట్రాకర్ చేతికి కట్టుకుంటుంటే తీసేయండి, అదీ గడియారం లాంటిదే.

కొత్తగా మొదలుపెట్టేవారికి నా ఓటు సీబీటీ-ఐకే. ఇప్పటికే మాత్ర మీద ఉన్నవారికి రెండూ కలిపి, మాత్రను మధ్యలో వదిలేయడం మేలు. రెండూ కలిపి మొదలుపెట్టి, మధ్యలో మాత్ర మానేసినవారే తరవాతి నెలల్లో బాగున్నారని 2009లో కెనడాలో చార్లెస్ మోరిన్ బృందం చేసిన అధ్యయనం చూపించింది. ఒక్కటే జాగ్రత్త: మాత్రను ఉన్నపళాన ఆపకండి, బెంజోడయజెపైన్లయితే ఫిట్స్ కూడా రావచ్చు. ముందు పడక వేళలు కుదుటపడనివ్వండి. ఆ తరవాతే డాక్టరును అడిగి మోతాదు కొద్దికొద్దిగా, రెండు మూడు వారాలకో మెట్టు చొప్పున దింపండి. మెట్టు దిగిన మొదటి రాత్రులు నిద్ర కాస్త చెడితే మళ్ళీ పైమెట్టుకు పరుగెత్తకండి. లేచే వేళ మాత్రం మార్చకుండా అక్కడే ఆగండి, నిద్ర సర్దుకున్నాకే తరవాతి మెట్టు.