స్లీవా, బైపాసా? మా ఇంట్లో నెల రోజుల పంచాయితీ

మా పిన్ని బరువు 118 కిలోలు, పైగా షుగరు, డాక్టరు గారేమో బరువు తగ్గడానికి జీర్ణాశయానికి ఆపరేషన్ చేయించుకోవాలి, స్లీవ్ గానీ బైపాస్ (గుండెకి చేసేది కాదు) గానీ అన్నారు, అంతే ఇంట్లో తలా ఒక మాట.

స్లీవ్‌లో జీర్ణాశయాన్ని దాదాపు 75-80 శాతం కోసి తీసేస్తారు, అరటిపండంత గొట్టం మిగులుతుంది, పేగుల జోలికి పోరు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే, అందుకే ఆకలి కూడా తగ్గుతుంది. కాకపోతే తీసేసింది మళ్ళీ అతికించలేరు.

బైపాస్‌లో ఏదీ తీసెయ్యరు, పైన సుమారు 30 ఎంఎల్ పట్టే చిన్న సంచిలా చేసి దాన్ని చిన్నపేగుకి కలుపుతారు, మిగతా జీర్ణాశయం లోపలే ఉంటుంది గానీ తిండి అటు పోదు. ఆపరేషన్ కొంచెం పెద్దది. షుగరుకి సాధారణంగా ఇదే బాగా పనిచేస్తుంది, గుండెల్లో మంట ఉన్నోళ్ళకైతే నన్నడిగితే ఇదే, ఎందుకంటే స్లీవ్ తర్వాత ఆ మంట కొందరికి ఇంకా పెరుగుతుంది.

పిన్ని చివరికి బైపాసే చేయించుకుంది. ఉగాదికి సగం బొబ్బట్టు తిందో లేదో, ఇరవై నిమిషాల్లో చెమటలు, గుండె దడ, మంచమెక్కేసింది! డంపింగ్ అంటారట, తీపి గబుక్కున పేగులోకి దిగిపోతే వస్తుంది. స్లీవ్‌లో ఈ గొడవ తక్కువ.

విటమిన్ మాత్రలు రెండింటికీ తప్పవు, బైపాస్‌కి బీ12, ఐరన్, కాల్షియం విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి, జీవితాంతం. మోకాళ్ళ నొప్పులకి బ్రూఫెన్ లాంటివి వేసుకుంటే అల్సర్ వస్తుందని ఆవిడకి ముందే చెప్పారు, ఆ డబ్బా బాబాయ్ దాచేశాడు.